కారణం, అపరాధం: గొంతు క్యాన్సర్ బోధనలో ఒక ధర్మ ప్రశ్న

రోగానికి కారణాన్ని వెతికే బుద్ధి అక్కడే రోగి అపరాధాన్ని కూడా వెతకడం చాలా పాత అలవాటు. చరక సంహిత వ్యాధుల మూలాల్లో ప్రజ్ఞాపరాధాన్ని, అంటే బుద్ధి, ధృతి, స్మృతి తప్పినందువల్ల మనిషి చేసే అహితమైన పనిని, ముఖ్యమైనదిగా లెక్కించింది. ఊళ్లకు ఊళ్లే నశించే జనపదోధ్వంసానికి గాలి, నీరు, దేశం, కాలం చెడడాన్ని కారణంగా చూపి, వాటి వెనుక కూడా అధర్మాన్నే నిలిపింది. మనిషి తన ఆరోగ్యానికి తానే బాధ్యుడన్న గౌరవం ఈ ఆలోచనలో లేకపోలేదు, కానీ రోగి మంచం పక్కకు వచ్చేసరికి అది తీర్పుగా మారిపోతుంది. హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, వల్ల వచ్చే గొంతు క్యాన్సర్‌ను వైద్య, దంతవైద్య, నర్సింగ్ విద్యార్థులకు బోధించేవారు ముందుగా తేల్చుకోవలసింది ఈ విషయమే.

టాన్సిళ్లలోనూ నాలుక మొదట్లోనూ పుట్టే ఈ క్యాన్సర్‌కు ప్రధానంగా ఆ వైరస్‌లోని 16వ రకం కారణం. అది ఎక్కువగా నోటి ద్వారా జరిగే లైంగిక సంపర్కంతో గొంతుకు చేరుతుంది. పొగాకు గురించి, మద్యం గురించి ధారాళంగా సాగే పాఠం ఈ వాక్యం దగ్గర కుదించుకుపోవడమో, నీతిబోధగా మారడమో జరుగుతుంది. రెండూ సత్యానికి దూరమే. లైంగిక జీవితం ఉన్నవారిలో అత్యధికులకు ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది, కొద్దిమందిలో మాత్రమే నిలిచిపోయి దశాబ్దాల తర్వాత క్యాన్సర్‌గా బయటపడుతుంది. అపరాధం ఉందనాలంటే మనిషికి విషయం తెలిసి ఉండాలి, మరోలా నడుచుకునే వీలూ ఉండాలి. ఏ లక్షణమూ చూపకుండా వచ్చిపోయే వైరస్ విషయంలో ఆ మొదటి షరతే నిలవదు.

మెడలో నొప్పిలేని గడ్డతో వచ్చిన యాభై ఏళ్ల మనిషి భార్య, ఇది ఎక్కడి నుంచి వచ్చిందని శిక్షణలో ఉన్న యువ వైద్యుణ్ణి అడుగుతుంది. ఎప్పుడు, ఎవరి నుంచి సోకిందో ఏ పరీక్షా చెప్పలేదన్నది దాటవేత కాదు, శాస్త్రం ఇవ్వగలిగిన పూర్తి సమాధానం అదే. రోగి ఇంటి విషయాలు బయటపెట్టరాదని తన సంహితలోని విమానస్థానంలో చరకుడు శిష్యుడికి విధించిన నియమం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ప్రజ్ఞాపరాధాన్ని బోధించిన గ్రంథమే వైద్యుడి నోటికి ఈ హద్దు కూడా గీయడం గమనించదగినది.

హెచ్‌పీవీ టీకా విషయంలో సత్యం మరింత జాగ్రత్తను కోరుతుంది. ఇదే వైరస్ వల్ల వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టే పరీక్షలున్నాయి, గొంతుకు అలాంటి ఆమోదిత పరీక్ష లేదు. కాబట్టి వైరస్ సోకకముందే, 9 నుంచి 14 ఏళ్ల వయసులో, ఆడపిల్లలతోపాటు మగపిల్లలకూ టీకా వేయించడానికి బలమైన కారణం ఉంది. అయితే 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ టీకా ఉపయోగాల్లో గొంతు క్యాన్సర్ నివారణను చేర్చినప్పుడు, క్యాన్సర్ తగ్గడాన్ని నేరుగా చూసి కాక, అదే వైరస్ రకాలు శరీరంలో ఇతరచోట్ల కలిగించే వ్యాధులను టీకా ఆపుతుందన్న ఆధారంపై త్వరిత అనుమతి ఇచ్చిందని విద్యార్థికి చెప్పాలి, అతడు తల్లిదండ్రులకూ చెప్పగలగాలి.

ఎందుకు చెప్పాలో తెలుగు నేలకు బాగా తెలుసు. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకా వేసినప్పుడు ఎన్నో సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు; కొందరు బాలికల మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, అయినా సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. రోగిని నిందించేవారు అతడికి తెలియనిదాన్ని తెలిసినట్లు భావిస్తారు, తల్లిదండ్రులను దాటిపోయేవారు వారు తెలుసుకోగలిగినదాన్ని తెలుసుకోలేరని భావిస్తారు; రెండుచోట్లా ఎదుటి మనిషికున్న వివేకాన్నే కాదంటున్నారు. అందువల్ల వైరస్ ఎలా సోకుతుందో తడబడకుండా చెప్పడం, తల్లిదండ్రులు అడిగే ప్రతి ప్రశ్ననూ చివరిదాకా వినడం విద్యార్థికి ఒకే పాఠంలో భాగాలుగా నేర్పవలసి ఉంటుంది.