దారి చూపని దానం

ఇచ్చినదాన్ని పుచ్చుకున్నవాడు వాడుకోలేకపోతే, అది ఇచ్చినట్టేనా? తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో, చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు కొన్ని హితవులు చెబుతాడు. దానం సంగతి వచ్చినప్పుడు ఎంత ఇవ్వాలన్న లెక్క అక్కడ ఉండదు. ఎలా ఇవ్వాలన్నదే ఉంటుంది: శ్రద్ధతో, అణకువతో, తెలిసి ఇవ్వాలి. మానుకోటలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే నన్ను ఈ ప్రశ్న ల్యాబ్‌లో పట్టుకుంది.

భూపాలపల్లి నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి, సింగరేణి కార్మికుడి బిడ్డ, ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములో ‘జ్యోత్స్న’ అని టైపు చేస్తే ఒత్తులు విడిపోతున్నాయని చూపించింది. సరిచేద్దామని కూర్చున్నాం. కోడ్ మొత్తం నెట్‌లో ఉంది, ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. వేల ఫైళ్లు. ఏది దేనికోసమో చెప్పే పేజీ ఒక్కటీ లేదు. “సార్, అంతా ఇచ్చిండ్రు గని ఏడికెళ్లి మొదలువెట్టాల్నో చెప్పలే” అంది.

తెర మీద ఒక్క ఒత్తు కనబడాలంటే పని చాలా చేతులు మారుతుంది. మీట నొక్కగానే కీబోర్డు ప్రోగ్రాము యూనికోడ్ సంకేతాలను అందిస్తుంది. అప్లికేషన్ ఆ వరుసను హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజన్‌కు ఇస్తుంది. ఏ హల్లు ఒత్తుగా మారాలో, ఎక్కడ కూర్చోవాలో ఆ ఇంజన్ ఫాంటులోని పట్టికలు చూసి తేలుస్తుంది. అలా ఎంచిన అక్షరరూపాల గీతలను ఫ్రీటైప్ లాంటి ప్రోగ్రాము తెర మీది చుక్కలుగా మారుస్తుంది. ఇదంతా బోర్డు మీద డబ్బాలుగా, బాణాలుగా గీశాక పిల్లల చూపు మారింది. అదే ఫాంటుతో అదే మాట, అదే ఇంజన్‌ను వాడే వేరే అప్లికేషన్‌లో చక్కగా వచ్చింది. అంటే ఫాంటు తప్పు లేదు, ఇంజన్ తప్పూ లేదు. ఈ ప్రోగ్రామే మాటను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడివిడిగా ఇంజన్‌కు పంపుతోంది. ఆ బొమ్మ ప్రోగ్రాము రాసినవాళ్ల మనసులో మొదటినుంచీ ఉండే ఉంటుంది. కోడ్‌తో పాటు దాన్నీ ఇవ్వాల్సింది.

కోడ్ మూసి ఉన్నచోట ఈ వెతుకులాటకే వీలులేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఒక ప్రత్యేక రూపంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. యాపిల్ కంపెనీ సవరణ పంపేదాకా ఆ అక్షరం మాతృభాషలో ఉన్నవాళ్లం కూడా చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది. ఓపెన్ సోర్స్ పుట్టిందే ఆ నిస్సహాయత తీర్చడానికి. దారి చెప్పకుండా కోడ్ ఒక్కటే ఇస్తే, నీళ్లు అందరివీ అని చెప్పి బావి దగ్గర చేద పెట్టనట్టే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని నేను గౌరవిస్తాను. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో రాసిన వ్యాసంలో, ప్రోగ్రాము అసలు ఉండేది రాసినవాళ్ల అవగాహనలోనే అన్నాడు. ఆ అవగాహనను ఎన్ని కాగితాలు రాసినా పూర్తిగా అందించలేం, ఆ బృందం చెదిరిపోతే ప్రోగ్రాము చచ్చిపోయినట్టేనని ఆయన వాదన. విద్య గురుముఖంగానే రావాలన్న మన పెద్దల నమ్మకమూ ఇలాంటిదే. కాదనను. కానీ గురువు పక్కన కూర్చునే భాగ్యం ఎవరికి దక్కుతుంది? ఎక్కడో యూరప్‌లో ఉన్న ప్రోగ్రామర్ పక్కన మా భూపాలపల్లి పిల్ల ఎప్పుడు కూర్చుంటుంది? నిర్యాణానికి ముందు బుద్ధుడు ఆనందుడితో, తన బోధలో గురువు దాచుకున్న పిడికిలి లేదన్నట్టు మహాపరినిబ్బాన సుత్తం చెబుతుంది. తర్వాత అడగడానికి తాను ఉండనని తెలిసినవాడి మాట అది. జీతం లేకుండా కోడ్ రాసేవాళ్లు కూడా ఉద్యోగమో సంసారమో పిలిస్తే వెళ్లిపోతారు.

తర్వాత వచ్చేవాళ్లకు దారి వదిలి వెళ్లే ఈ బాధ్యతను జనగామ జిల్లా నేల ఏనాడో ఎరుగును. పాలకుర్తివాడని మేం చెప్పుకునే సోమనాథుడు, సంస్కృతం నిండిన చంపువులకు పండితుల మన్నన ఉన్న కాలంలో, బసవపురాణాన్ని దేశి ద్విపదలో రాశాడు. చదువురానివాడు కూడా పాడుకోగలగాలన్నది ఆయన పట్టుదల. అక్కడికి దగ్గర్లోని బమ్మెర పోతనది. ఆయన భాగవతంలో కొన్ని భాగాలు పోయాయని సంప్రదాయం చెబుతుంది. పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠాన్ని సింగన, ఏకాదశ ద్వాదశాలను నారయ పూరించారు. వాళ్లకది ఎలా సాధ్యమైంది? పన్నెండు స్కంధాలు ఏ వరుసలో ఉన్నాయో, ఏ కథ ఎక్కడ వస్తుందో వ్యాసుడి మూలం ద్వారా అందరికీ తెలుసు. భవనం కూలినచోట కూడా నక్షా మిగిలి ఉంది. చేయి మారిన సంగతి చెవి ఉన్న పాఠకుడికి తెలిసిపోతుంది, అక్కడ నౌర్ మాటే నిజం. అయినా మనకు పన్నెండు స్కంధాల భాగవతం ఉంది. తిరుమల కృష్ణ దేశికాచారి గారు తాను ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంటుకు పోతన పేరు పెట్టడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది.

కోడ్ రోజూ మారుతుంది, బొమ్మ పాతబడుతుంది అంటారు. మర్మెయిడ్ లాంటి పద్ధతిలో బొమ్మను కూడా అక్షరాల్లోనే రాసి కోడ్ పక్కన ఉంచొచ్చు, రెండూ ఒకేసారి మార్చొచ్చు. నా బెంగ వేరే. బొమ్మ ఏది ఎక్కడుందో చెబుతుంది గాని, ఎందుకలా ఉందో చెప్పదు. మైకేల్ నైగార్డ్ అనే ప్రోగ్రామర్ 2011లో ఒక చిన్న అలవాటు సూచించాడు: తీసుకున్న ప్రతి పెద్ద నిర్ణయానికీ అప్పటి పరిస్థితి, కారణం, దానివల్ల వచ్చే ఫలితం ఒకటి రెండు పేజీల్లో రాసిపెట్టాలి. శ్రద్ధతో ఇవ్వడమంటే నాకు అర్థమైంది ఇదే.

మాటను ముక్కలు చేయడానికీ కారణం దొరికింది. స్పెల్లింగు తప్పుల కింద ఎర్రగీత వేయడానికి ఎవరో అలా చేశారు. ఇంగ్లీషులో దానివల్ల పెద్ద నష్టం కనబడదు. మా అమ్మాయి సవరణ మూడు వరుసలే. దాని కింద మాత్రం ముక్కలు ఎందుకు చేశారో, తెలుగు, కన్నడం లాంటి లిపుల్లో అది ఎందుకు చెల్లదో, ఎర్రగీతను ఇకపై ఎక్కడ వేయాలో పెద్ద పేరా రాసింది. మొదట తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లీషులో పెట్టింది. బోర్డు మీది డబ్బాలను కూడా మర్మెయిడ్‌లో రాసి దానికి జతచేసింది.