గుర్తులేని త్యాగం

పన్నెండేళ్ళ వయసులో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల గుట్టలో నాకు స్పైడర్‌మాన్ దొరికాడు. తమ్ముడి కోసమని నాన్న చేత కొనిపించాను. చదివింది ఎక్కువ నేనే. సాహిత్యంలో పరిశోధన మొదలుపెట్టాక కూడా, తోటి పరిశోధకులకు చెప్పుకోకుండా చదువుతూనే ఉన్నాను. ఒకరోజు చూసుకుంటే, కొత్త సంచిక కొని నెలైనా తెరవలేదు. కోపం కాదు, విసుగూ కాదు. ఆ మనుషులకి ఏమైనా నాకు పట్టకుండా పోయింది. వయసు పెరిగితే అంతేనని సరిపెట్టుకోవచ్చా? లేక ఇష్టం పోవడం కూడా ఒక తీర్పేనా?

1962లో మొదలైన ఈ కథకి ఒక నైతిక పునాది ఉంది: చేసిన పని చెరిగిపోదు. బెన్ అంకుల్ చావులో తన నిర్లక్ష్యం ఉందన్న ఎరుకే పీటర్ పార్కర్‌ని హీరోని చేసింది. 1973లో గ్వెన్ స్టేసీని కాపాడబోయి అతను విసిరిన వలే ఆమె మెడ విరిచింది. స్త్రీ చావుని మగవాడి దుఃఖానికి ముడిసరుకు చేశారన్న కోపం నాకుంది. అయినా ఆ చావుకి బరువుండేది.

1987లో పీటర్‌కి మేరీ జేన్‌తో పెళ్ళయింది. 2007లో వచ్చిన ‘వన్ మోర్ డే’ కథలో, పీటర్‌కి తగలవలసిన గుండు తగిలి మే ఆంటీ చావుబతుకుల్లో ఉంటుంది. మెఫిస్టో అనే దయ్యం ఆమెను బతికిస్తానంటాడు. బదులుగా వాళ్ళ పెళ్ళిని అడుగుతాడు. ఇద్దరూ ఒప్పుకుంటారు. పెళ్ళి జరిగిన సంగతే ఎవరికీ గుర్తుండదు. పుట్టవలసిన కూతురు పుట్టదు. స్పృహలేని మే ఆంటీని ఎవరూ అడగరు.

పెళ్ళయిన హీరో పెద్దవాడిలా కనిపిస్తాడని అప్పటి ప్రధాన సంపాదకుడు జో కెసాడా బహిరంగంగానే అన్నాడు. విడాకులిప్పిస్తే ఇంకా పెద్దవాడైపోతాడట! అందుకే మేరీ జేన్ భార్యగానూ మిగల్లేదు, విడిపోయిన మనిషిగానూ మిగల్లేదు. ఏ కాలపు పిల్లలకైనా కుర్ర హీరో కావాలి కదా అనేవాళ్ళున్నారు. కానీ పన్నెండేళ్ళప్పుడు నేను ఇష్టపడిన పీటర్ పెళ్ళయినవాడే. అతని వయసు నాకు అడ్డురాలేదు.

త్యాగం స్త్రీల వంతు కావడం మనకి కొత్త కాదు. త్యాగం చేసిన గుర్తు కూడా మిగలకపోవడం మరో మెట్టు. నేను పుట్టకముందు అమ్మ రెండేళ్ళు టీచరుగా పనిచేసింది. ఆ మాట ఎత్తితే నాన్న నిజాయితీగానే, “అవునా, ఎన్నాళ్ళు చేశావ్?” అంటాడు. ఆయనకి దురుద్దేశం లేదు. గుర్తుపెట్టుకోవలసిన అవసరం ఆయనకి రాలేదు, అంతే.

2007 తర్వాత కూడా మూడేళ్ళు నేను కొన్నాను, తిట్టుకుంటూ చదివాను. తిట్టినన్నాళ్ళూ బంధం ఉంది. తర్వాత అదీ పోయింది. “కథే కదా అక్కా, మళ్ళీ కలుపుతార్లే” అన్నాడు తమ్ముడు. కలపొచ్చు. ఇరవై ఏళ్ళ కాపురాన్ని ఒక్క రాత్రిలో తుడిచేయగలిగిన చోట, మళ్ళీ కలిపినదాన్ని మాత్రం ఎలా నమ్మను? ఇష్టానికి జ్ఞాపకం కావాలి. అవతలివాళ్ళు మరిచిపోతూ ఉంటే, నేనొక్కదాన్నే గుర్తుపెట్టుకుంటూ ఎన్నాళ్ళని ఇష్టపడను?

పాత సంచికలు అమ్మలేదు. మొన్న అమ్మని ఆ రెండేళ్ళ గురించి అడిగాను. పిల్లల పేర్లతో సహా గంటసేపు చెప్పింది.