మధ్యవర్తి ఎవరి మనిషి?

బట్ట నచ్చకపోతే మరో బట్ట కొనుక్కుంటాం. గేదె సరిగ్గా పాలివ్వకపోతే సంతకు తోలుకెళ్తాం. ఇల్లు అలా కాదు. మనలో చాలామంది జీవితంలో ఒక్కసారే ఇల్లు కొంటారు. ఆ పని నేర్చుకోవడానికి దొరికే అవకాశం కూడా ఆ ఒక్కసారే. ఇల్లు చూపించే మధ్యవర్తి మాత్రం అలాంటి బేరాలు ఎన్నో చేసి ఉంటాడు. ఏ స్థలం మీద ఏ తగాదా నడుస్తోందో, ఏ యజమానికి డబ్బు ఎంత అవసరమో, కొనడానికి వచ్చినవాడి గొంతులో ఎంత ఆత్రం ఉందో అతనికి తెలుసు. ఒకరికి అన్నీ తెలుసు, మరొకరికి ఏమీ తెలియదు. ఈ ఇద్దరి మధ్య న్యాయం ఎలా నిలబడుతుంది? ఇది బజారులో పుట్టిన ప్రశ్నే అయినా ధర్మం దీన్ని గురించి చాలా చెప్పింది.

నల్లజర్ల పరిసరాలను చూడండి. ఈ మండలం 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చింది. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు వెళ్లే రహదారి నాలుగు వరుసలైంది. రోడ్డు వెడల్పయిన ప్రతిచోటా జరిగేదే ఇక్కడా జరుగుతుంది: ఎకరాల్లో చెప్పుకున్న ధరను గజాల్లో చెప్పుకోవడం మొదలవుతుంది, మధ్యవర్తులు పెరుగుతారు. కొనడానికి వచ్చేవారిలో చిన్న ఉద్యోగులు, మెకానిక్కులు, తోపుడుబండ్లవారు ఉంటారు. గోదావరి జిల్లాల నుంచి కువైట్, ఖతర్ వెళ్లి పరాయి ఇళ్లలో వంటపని, పాచిపని చేసి స్త్రీలు పంపిన సొమ్ముతో సొంత గూడు కట్టుకోవాలనుకునే కుటుంబాలూ ఉంటాయి. ఆ సొమ్ము ఒక్కసారి పోతే మళ్లీ సంపాదించే వయసు ఆ తల్లికి మిగిలి ఉండదు.

పోవడానికి దారులు కూడా ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. దక్షిణాన కొల్లేరు ఉంది. 1999 అక్టోబరులో ప్రభుత్వం 5వ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో ఆ హద్దు లోపలి అక్రమ చేపల చెరువుల గట్లను తెగ్గొట్టింది. ఉత్తరాన బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం ఏజెన్సీ ఉంది. 1970 నాటి నిబంధన, అంటే జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచే చట్టం ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. ఈ రెండింటి నడుమ మెట్ట భూముల్లోనూ ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములు, పోరంబోకులు, దేవాలయ భూములు, వక్ఫ్ భూములు ఉంటాయి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో చేరిన సర్వే నంబర్లూ ఉంటాయి. కొనేవాడికి ఇవేవీ కంటికి కనిపించవు. మట్టి అన్నిచోట్లా మట్టిలాగే ఉంటుంది. ఇవన్నీ తెలిసినవాడు మధ్యవర్తి. అతడు నోరు విప్పడం, విప్పకపోవడం మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడి ఉంటుంది.

అంతటి మనిషిని మనం ఎలా ఎంచుకుంటున్నాం? నిజం చెప్పాలంటే ముఖం చూసి ఎంచుకుంటున్నాం. మనవాడు, మన మస్జిదుకు వస్తాడు, మొదటి వరుసలో నిలబడతాడు, పేరు చివర హాజీ ఉంది. చాలామందికి ఇంతే చాలు. హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఒక ప్రసిద్ధ ఉల్లేఖనం ఉంది. ఒక సాక్షి మంచివాడని మరొకతను ఆయన ముందు పూచీ పడ్డాడు. నువ్వు అతని పొరుగువాడివా, అతనితో ప్రయాణం చేశావా, దీనారు దిర్హముల వ్యవహారం నడిపావా అని ఉమర్ (రజి) వరుసగా అడిగారు. మూడింటికీ లేదనే జవాబు వచ్చింది. అయితే అతను మస్జిదులో తల వంచడం, ఎత్తడం చూసి ఉంటావు, నీకతను తెలియదు పొమ్మన్నారు. నమాజు విలువ తెలియనివారు కాదు హజ్రత్ ఉమర్. అయినా డబ్బు విషయంలో మనిషిని డబ్బు దగ్గరే చూడాలన్నారు. మనం చేయవలసిందీ అదే. ఆ మధ్యవర్తి ద్వారా ఇదివరకు ఇల్లు కొన్నవారిని ఇద్దరు ముగ్గురిని వెతికి పట్టుకుని, రిజిస్ట్రేషన్ అయిపోయిన తర్వాత అతను ఎలా ఉన్నాడో అడగాలి. కమీషన్ చేతికి అందాక ఫోను ఎత్తాడా? హద్దుల తగాదా వస్తే వచ్చి నిలబడ్డాడా? ఈ సంగతులు మొదటి వరుసలో కనిపించవు.

దళారీతనమే పాపమని కొందరు అనుకుంటారు. పల్లె నుంచి సరుకు తెచ్చినవాడి తరఫున పట్నంవాడు అమ్మకూడదని దైవప్రవక్త (స) వారించారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దాన్ని వివరిస్తూ, అతనికి దళారిగా ఉండకూడదని అర్థం అన్నారు. ఈ హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. అయితే ఇమామ్ బుఖారీ తమ గ్రంథంలో దళారి కూలీ గురించి విడిగా ఒక అధ్యాయం పెట్టి, ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీం, హసన్ వంటి పెద్దలు అందులో తప్పు చూడలేదని రాశారు. అక్కడే ఇబ్నె అబ్బాస్ (రజి) మరో మాట కూడా ఉంది. ఈ బట్ట అమ్మిపెట్టు, ఇంత ధరకు మించి వచ్చింది నీదే అని యజమాని చెబితే తప్పులేదన్నారు. కూలీ ఇంత అని ముందే తేలాలి కాబట్టి చాలామంది ధర్మవేత్తలు ఈ పద్ధతిని ఒప్పుకోలేదు. ఆ చర్చ అలా ఉంచుదాం. ఒకే సహాబీ ఒకచోట వద్దన్నారు, మరోచోట పరవాలేదన్నారు. తేడా ఏమిటి? మనకు అర్థమైనంతవరకు ఇది: మొదటిచోట ధర తెలియనివాడి అమాయకత్వాన్ని ఆసరా చేసుకునే ప్రమాదం ఉంది. రెండోచోట ఆ ‘మించిన సొమ్ము’ సంగతి యజమాని తన నోటితోనే చెప్పాడు.

మన ఊళ్లలో జరుగుతున్నది చూడండి. మధ్యవర్తి రైతుకు కొద్దిగా బయానా ఇచ్చి తన పేర అగ్రిమెంటు రాయించుకుంటాడు. సెంటు ఇంతకని రైతుతో ఒక ధర, కొనేవాడితో మరో ధర. రిజిస్ట్రేషన్ మాత్రం నేరుగా రైతు నుంచి కొనేవాడికి. నడుమ మిగిలింది అతని జేబులోకి. పైగా కొనేవాడి దగ్గర నూటికి ఒకటో రెండో కమీషన్ కూడా! కొన్న ధరకు మించి అమ్ముకోవడం వ్యాపారం, దాన్ని ఎవరూ కాదనరు. కానీ అతను ఆ బేరంలో అమ్మేవాడు. మధ్యవర్తి వేషంలో వచ్చి కూర్చున్నాడు. “భాయ్, ఈ ధరకు కొనొచ్చా?” అని కొనేవాడు అమాయకంగా అతన్నే అడుగుతాడు. కళ్లు మూసుకుని కొనేయమంటాడు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సలహా అడిగించుకున్నవాడు అమానతు మోస్తున్నవాడని దైవప్రవక్త (స) ప్రవచనం. అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. ఇల్లు చూపించినంతవరకు అతను దారి చూపినవాడు. కొనొచ్చా అని అడిగిన క్షణం నుంచి అతను సలహాదారు. అడిగినవాడి మేలు కోరి చెప్పాలి, లేదా నేను అమ్మేవారి మనిషిని, ధర సంగతి మరొకరిని అడగండి అని తప్పుకోవాలి. ఈ రెండో జవాబు చెప్పే మధ్యవర్తి దొరికితే అతన్ని వదులుకోకండి. అటువంటివారూ ఉన్నారు.

రెండు వైపులా కమీషన్ తీసుకోవచ్చా అని పాఠకులు అడుగుతారు. డమాస్కస్‌కు చెందిన హనఫీ ధర్మవేత్త ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) దీన్ని స్పష్టంగా విడదీశారు. యజమాని అనుమతితో దళారి తానే అమ్మకం జరిపితే అతని కూలీ అమ్మినవాడి మీదే. ఇద్దరినీ కలిపే ప్రయత్నం చేసి, అమ్మకం యజమానే చేసుకుంటే ఊరి ఆనవాయితీని బట్టి ఒకరో ఇద్దరో ఇస్తారు. కాబట్టి ఇల్లు చూడబోయే ముందే మూడు సంగతులు అడిగేయండి. అమ్మేవారి నుంచి మీకు ఎంత వస్తుంది? ఈ ఆస్తి మీద మీ పేరగానీ, మీవాళ్ల పేరగానీ అగ్రిమెంటు ఉందా? ఈ ఇంట్లో లోపం ఏమిటి? మూడో ప్రశ్నకు ఏ లోపమూ లేదని జవాబు వస్తే కాస్త ఆగండి. ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పుకున్నాడు. జనానికి కనిపించేలా తడిసిన గింజలు పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మన దేశంలోని ఆస్తి బదిలీ చట్టం (1882) 55వ సెక్షన్ కూడా, మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనుక్కోలేని లోపాలను అమ్మేవాడు చెప్పి తీరాలంటుంది.

2016లో వచ్చిన రెరా చట్టం మధ్యవర్తిని కూడా లెక్కలోకి తీసుకుంది. సాధారణంగా 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన కొత్త ప్రాజెక్టులు నమోదు కావాలి. వాటిలో అమ్మించే ఏజెంటూ నమోదు చేయించుకోవాలి, అబద్ధపు మాటలు చెప్పకూడదు. లేఅవుట్‌లో ప్లాటు చూపిస్తే రెరా నంబరు అడగండి. ఊళ్లో పాత డాబా ఇల్లు, బంధువుల వాటా స్థలం వంటివి ఆ చట్టం పరిధిలోకి రావు. మనవాళ్లు కొనేవి ఎక్కువగా అవే. అక్కడ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో తీసిన ఈసీ, ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, సర్వేయరు కొలత, వీటితో సంబంధం లేని ఒక వకీలు అభిప్రాయం, ఇవే కాపలా. ఆ వకీలును మధ్యవర్తి చెప్పినచోట మాత్రం వెతకవద్దు.

కొనేవాడు మాత్రం దేవదూతా? ఇల్లు చూపించిన మధ్యవర్తిని తప్పించి, రాత్రిపూట యజమాని ఇంటికి వెళ్లి బేరం కుదుర్చుకునేవారు తక్కువేమీ కాదు. అతను పదిసార్లు తిరిగాడు, పెట్రోలు పోసుకున్నాడు, మాట కలిపాడు. అతని కూలీ ఎగ్గొట్టిన ఇంట్లో బర్కత్ కోరుకుంటూ ఖుర్ఆన్ చదివించడం వింతగా ఉంటుంది. అలాగే స్టాంపు ఖర్చు తగ్గుతుందని దస్తావేజులో తక్కువ ధర రాయించడం. రేపు బేరం చెడి డబ్బు వెనక్కి రావలసివస్తే కాగితం మీద ఉన్న అంకే లెక్కకు వస్తుంది. బఖరా సూరా 282వ ఆయతు గడువు పెట్టుకున్న అప్పును రాసుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులను పెట్టుకోమని ఆదేశించింది. బయానా ఇచ్చి మూడు నెలల గడువు పెట్టుకునేవారికి ఇంతకన్నా స్పష్టమైన మార్గదర్శనం ఏం కావాలి? మధ్యవర్తి కమీషన్ ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, బేరం తప్పితే ఏమిటి అనేవి కూడా అదే రోజు ఒక కాగితం మీద రాసుకుంటే తర్వాత ముఖాలు చూసుకోలేని స్థితి రాదు.

ఇక పొరుగువారి సంగతి. కమీషన్ లేకుండా నిజం చెప్పేది వాళ్లే. వానాకాలంలో వీధిలో నీళ్లు ఎంత ఎత్తున నిలుస్తాయో, బోరులో నీళ్లు ఎన్ని నెలలు వస్తాయో, గోడ ఎవరిదో, అన్నదమ్ముల్లో ఎవరు సంతకం పెట్టలేదో వాళ్లకు తెలుసు. మధ్యవర్తి లేని వేళ వెళ్లి అడగాలి. అమ్మేవాడు సైతం ముందు పొరుగువాడిని అడగడం మన ధర్మంలో ఉంది. హజ్రత్ అబూ రాఫె (రజి) వద్ద హజ్రత్ సాద్ (రజి) ఆవరణలో రెండు గదులు ఉండేవి. కొనమని అడిగితే సాద్ (రజి) ఒప్పుకోలేదు. అక్కడే ఉన్న హజ్రత్ మిస్వర్ (రజి) కొని తీరాలని పట్టుబట్టారు. సాద్ (రజి) వాయిదాల మీద నాలుగు వేలకు మించి ఇవ్వనన్నారు. అబూ రాఫె (రజి)కి అప్పటికే మరొకరు ఐదు వందల దీనార్లు ఇస్తామన్నారు, అది ఇంతకన్నా ఎక్కువ. అయినా పొరుగువాడికే ఎక్కువ హక్కని దైవప్రవక్త (స) నోట విని ఉన్నందువల్ల ఆ గదులను సాద్ (రజి)కే ఇచ్చేశారు. ఇద్దరి మధ్య మాట కలిపిన మిస్వర్ (రజి) కూలీ ప్రస్తావన బుఖారీలోని ఆ ఉల్లేఖనంలో ఎక్కడా లేదు.