అలసినవారికి మనము చెప్పే మాట



అలసట అవిశ్వాసమా? ఈ ప్రశ్న మాకు ఎదురైన సందర్భము మాకు గౌరవము తెచ్చేది కాదు. అయినను దాచకుండా చెప్పుటే మంచిదని వ్రాస్తున్నాము.

మా సంఘములో ఒక సహోదరి ఉన్నది. పగలు ఆఫీసు పని. ఇంటిలో మంచము పట్టిన అత్తగారు, బడికి పోయే ఇద్దరు పిల్లలు. భర్తది షిఫ్టు ఉద్యోగము. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మందిరపు మెట్ల దగ్గర నిలబడి, "మాస్టారూ, పడుకుంటే నిద్ర రావడము లేదు. ప్రార్థనకు మోకరిస్తే ఇంటి అద్దె, పిల్లల ఫీజు, మందుల చీటీ, ఇవే కళ్ల ముందు తిరుగుతున్నాయి. దేవుడు నాకు దూరమైనాడేమో" అన్నది. సంఘ పెద్దలము గదా, మా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధముగానే ఉంటుంది. "విశ్వాసము తగ్గిందమ్మా. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థించు, ప్రభువు నెమ్మది ఇస్తాడు" అన్నాము. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. తరువాత మూడు ఆదివారములు మందిరమునకు రాలేదు.

నాల్గవ వారము మేమును, మా ఇంటావిడయు చూడబోయాము. తిరిగి వచ్చేటప్పుడు ఆ సహోదరి గుమ్మము దగ్గర మెల్లగా అన్నది: "నాలుగింటికి లేవమన్నారు మాస్టారూ. నేను లేచేదే నాలుగింటికి. అప్పుడే గదా కుళాయి వచ్చేది."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నిర్గమకాండము 5వ అధ్యాయము తీసి చదివాము. ఎన్నోసార్లు బోధించిన అధ్యాయమే. దేవుని ఆరాధించుటకు సెలవు అడిగిన ప్రజలను ఫరో సోమరులన్నాడు. గడ్డి ఇవ్వడము మానుకున్నాడు గాని ఇటుకల లెక్క తగ్గించలేదు. ఇంతకాలము ఈ అధ్యాయములో మేము ఇశ్రాయేలీయుల పక్షమున ఉన్నామనుకొని చదివాము. ఆ రాత్రి చదివితే ఫరో మాట మా నోటనే వచ్చినట్లున్నది. మోయలేని మనిషి లెక్కలో ఇంకొక ఇటుక చేర్చి, దానికి ప్రార్థన అని పేరు పెట్టాము.

దేవుడు అలసినవానితో ఎట్లు మాట్లాడాడో 1 రాజులు 19వ అధ్యాయములో ఉన్నది. కర్మెలు మీద అంతటి విజయము చూచిన ఏలీయా, ఆ తరువాత ప్రాణభయముతో అరణ్యములోనికి పారిపోయి, ఒక చెట్టు క్రింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవుడు అతనిని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు అతనిని ప్రశ్న అడిగినది తొమ్మిదవ వచనములో గాని కాదు. మేమైతే అయిదవ వచనములోనే ప్రసంగము మొదలుపెట్టి ఉండేవారము.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన రోజులలో టైము టేబులు ఎట్లు వేయాలో నేర్పారు. లెక్కల పాఠము ఉదయము పెట్టాలి, భోజనము తరువాత బొమ్మలు గీయడము, చేతిపని పెట్టాలి. పిల్లవాడి మనస్సు అలసినప్పుడు బెత్తము వలన లెక్క రాదు. ఉద్యోగములో ఉన్నన్నాళ్లు ఈ నియమము పాటించాము. బడిలో పిల్లలకు ఇచ్చిన ఆ ఇంటర్వెల్ సంఘములో పెద్దలకు ఇవ్వాలని తోచకపోవడమే మా తప్పు.

కొందరు అడుగవచ్చును: వేకువనే లేచి ప్రార్థించుట తప్పా? ప్రభువు కూడా చీకటితోనే లేచి ప్రార్థించలేదా? నిజమే, మార్కు 1వ అధ్యాయములో ఉన్నది. అదే మార్కు 4వ అధ్యాయములో ఆయన తుపాను వేళ పడవలో తలగడ మీద నిద్రపోయాడు. 6వ అధ్యాయములో, భోజనమునకు కూడా తీరిక లేని శిష్యులను ఏకాంతముగా వెళ్లి కాసేపు విశ్రమించమన్నాడు. సోమరితనము లేదని మేము అనము. సామెతల గ్రంథము సోమరిని చీమ దగ్గరకు పంపుతుంది. కాని ఎవరు సోమరి, ఎవరు అలసినవారు అని తేల్చే ముందు వారు ఎన్నింటికి లేస్తారో అడగాలి గదా! మేము అడగలేదు. ఇంకొక మాట. నిద్ర రాని రోజులు వారాల తరబడి సాగితే వైద్యునికి చూపించుకొనుట విశ్వాసమునకు లోటు కాదు. రొట్టె తిన్నందుకు ఏలీయాను ఎవరూ తప్పు పట్టలేదు.

మన పితరుల సంగతి చూడండి. ఒంగోలు ప్రాంతములో క్లౌ దొరగారి కాలమున బాప్తిస్మము పొందగోరినవారికి ముఖ్యముగా మూడు నియమములు ఉండేవి: ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు, విగ్రహములకు మ్రొక్కకూడదు. 1914లో వెలువడిన ఆయన జీవిత వృత్తాంతములో ఈ సంగతి ఉన్నది. ఆ బాప్తిస్మము పొందినవారిలో ఎక్కువ మంది మాదిగ కుటుంబములవారు. చెప్పులు, బావి నీరు తోడే తోలు బానలు కుట్టి, ఊరివారు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవలసినవారు. అటువంటివారికి ఆదివారము పనికి రాము అనుట చిన్న మాట కాదు. ఆ మాటకు దెబ్బలు తిన్నవారు, గింజలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. వారానికి ఒక దినము మేము ఊరివారి సొత్తు కాము, దేవుని సొత్తు అని చెప్పుటే వారికి విశ్రాంతి.

వారి పిల్లలమై మనము కోలారు గనులకు, బొంబాయి మిల్లులకు, మద్రాసుకు, రైలు పనులకు వలస వచ్చాము. ఊరు కాని ఊరిలో చేతినిండా పని ఉంటేనే మనిషికి విలువ. 1982 సమ్మె తరువాత మిల్లులు ఒకటొకటిగా మూతబడడము, 2001లో బంగారు గనులు మూసివేయడము కళ్లారా చూచినవారికి, పని ఆపితే ఇల్లు కూలుతుందనే భయము ఎముకలలో దిగింది. ఇప్పుడు సైరను లేదు గాని సెల్ ఫోను ఉన్నది, రాత్రి పదింటికి కూడా మోగుతుంది. పితరులు దెబ్బలు తిని సంపాదించిన దినమును మనము అడగకుండానే ఇచ్చివేస్తున్నాము.

విశ్రాంతి దినపు ఆజ్ఞ బైబిలులో రెండు చోట్ల ఉన్నది. నిర్గమకాండము 20లో, దేవుడు సృష్టి చేసి ఏడవ దినమున విశ్రమించెను గనుక అని కారణము. ద్వితీయోపదేశకాండము 5లో కారణము వేరు: నీవు ఐగుప్తులో దాసుడవై ఉన్నావు గనుక, నీ దాసుడును దాసియు నీవలెనే విశ్రమించాలి. ఈ "నీవలెనే" అన్న చోట మేము ఆగిపోయాము. మా ఇంటిలో నలభై యేండ్లు ఆదివారము మేము విశ్రమించాము. ఆరాధన, తరువాత కోడికూర, తరువాత కునుకు. ఆ కూర వండినవారు, తిన్న గిన్నెలు తోమినవారు ఎప్పుడు కునుకు తీశారో మేము చూడలేదు.

మత్తయి 11వ అధ్యాయము చివర ప్రభువు భారము మోసేవారిని పిలిచి, తన కాడి ఎత్తుకోమన్నాడు. విశ్రాంతి అడిగినవానికి కాడి ఎందుకని చిన్నప్పుడు అనుకునేవారము. సేద్యము తెలిసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. సరిపడని కాడి ఎద్దు మెడను పుండు చేస్తుంది. మంచి వడ్రంగి మెడకు తగినట్లు చెక్కుతాడు. ప్రభువు వడ్రంగియే గదా. పైగా దుక్కి కాడికి రెండు మెడలు. ఒంటెద్దు బండి సంగతి వేరు. ఆ సహోదరి నిద్ర పోగొట్టినది పని మాత్రమే కాదు, ఈ ఇల్లంతా నా ఒక్కదాని మెడ మీదనే ఉన్నదన్న తలంపు. రెండవ మెడ ప్రభువుదని నమ్ముట ఆమె విశ్వాసము. అది ఆమె నమ్మగలిగేటట్లు చేయుట సంఘము పని. ఏలీయాకు కూడా దేవుడు చివరకు ఎలీషాను ఇచ్చాడు, పండ్రెండు అరకలతో దున్నుతున్నవానిని.

మేము మళ్లీ ఆమె ఇంటికి వెళ్లి, మా మాట తప్పని ఒప్పుకున్నాము. మా ఇంటావిడ ఆమెను ఆసుపత్రికి తోడుకొనిపోయింది. అరణ్యములో మన్నా కురిసిన కాలమున ఆరవ దినముననే రేపటిది వండుకోమన్నారు గదా, మా ఇంటిలో ఇప్పుడు శనివారము రాత్రే పులిహోర కలుపుతున్నారు. ఆదివారము గిన్నెలు మావి. జిడ్డు వదలలేదని రెండు వారములు మాటలు పడ్డాము.

యౌవనులలో ఇద్దరు వారానికి రెండు దినములు నాలుగింటికి ఆ సహోదరి వీధికి వెళ్లి నీళ్లు పట్టి వస్తున్నారు. ఒక దినము మేమును వెళ్లాము. నిండు బిందె ఎత్తలేకపోయాము గనుక వరుసలో నిలబడే పని మాకు ఇచ్చారు. ఎవరింటి నీళ్లు మాస్టారూ అని పక్కవారు అడిగారు. చెప్పాము. ఆమె ఆ దినము ఆరింటి దాకా లేవలేదని అత్తగారు మంచము మీద నుండి నవ్వుతూ చెప్పారు.