శునశ్శేపుడు ఎవరి కొడుకు?

పిల్లల్ని అమ్మే ముఠా మీద ఒంటరిగా పోరాడే మహిళా పోలీసు కథ అంటే మనకు మహా ఇష్టం. 2014లో ‘మర్దానీ’లో రాణీ ముఖర్జీ ఆ వేటకు బయల్దేరింది. 2025లో ‘ఢిల్లీ క్రైమ్’ మూడో సీజన్‌లో షెఫాలీ షా మళ్లీ అదే వేట సాగించింది. ఇలాంటి కథల్లో చూసేవాళ్లకు ఒక సుఖం ఉంది. ఎవరిని అసహ్యించుకోవాలో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. దుర్మార్గం ఎక్కడో చీకటి గదిలో కాపురం ఉంటుంది, మన ఇంటికీ దానికీ చుట్టరికం ఉండదు. ఆ అధికారిణి తలుపు తన్నుకుని లోపలికి దూరితే మనం కూడా ఆమెతో పాటు దూరినట్టే ఉంటుంది.

మేడిపల్లి కేసులో తలుపు అవతల ఉన్నవాళ్లు మనలాంటివాళ్లే.

2024 మే నెలాఖరులో రాచకొండ పోలీసులు మేడిపల్లి దగ్గర ఒక ఆర్‌ఎంపీ క్లినిక్ నడిపే మహిళను పట్టుకున్నారు. ఆ తీగ లాగితే ఢిల్లీ, పుణెల దాకా డొంక కదిలింది. కన్నవాళ్ల దగ్గర కొన్న పసివాళ్లను చేతులు మార్చుకుంటూ తెచ్చి, ఇక్కడ రూ.1.80 లక్షల నుంచి రూ.5.50 లక్షల దాకా అమ్ముతున్నారని పోలీసులు చెప్పారు. కొన్నవాళ్లు ఎవరు? ఏళ్ల తరబడి పిల్లలు లేక గుళ్లూ ఆస్పత్రులూ తిరిగి అలసిపోయిన దంపతులు. బిడ్డకు పేరు పెట్టుకున్నారు, టీకాలు వేయించారు, కొందరి ఇళ్లలో ఆ బిడ్డ అప్పటికే అమ్మా నాన్నా అంటున్నాడు. పోలీసులు ఆ పిల్లలను తీసుకుని హైదరాబాద్ శిశువిహార్‌కు పంపారు. బిడ్డను ఇవ్వలేక ఆ ఆడవాళ్లు ఏడ్చిన ఏడుపు టీవీలో చూసిన వాళ్లెవరూ తేలిగ్గా మరిచిపోలేరు.

ఆ పూట డ్యూటీలో ఉన్న మహిళా కానిస్టేబుల్ మీదికి నా ఆలోచన పోతుంది. అరెస్టులూ విలేకరుల సమావేశాలూ పెద్ద అధికారులవి. బిడ్డను చేతుల్లోంచి తీసుకునే పని మాత్రం ఎప్పుడూ ఆమెదే. చట్టం ఆమెకు కొన్ని మర్యాదలు చెప్పింది. పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు యూనిఫాంలో ఉండకూడదు, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కానీ ఏడాదిన్నర బిడ్డ పైట చెంగు గుప్పిట్లో బిగించి పట్టుకుంటే ఆ వేళ్లను ఎలా విడదీయాలో ఏ చట్టంలోనూ ఉండదు. బొటనవేలు ముందు తీయాలి, చెయ్యి వదలగానే బిడ్డను అటు తిప్పేయాలి, ముఖం చూడనివ్వకూడదు. ఆ విద్య ఆమెకు ఎక్కడ అబ్బి ఉంటుంది? బహుశా తన పిల్లలను బళ్లో దింపి పరుగెత్తే పొద్దుల్లోనే అబ్బి ఉంటుంది. ఆ క్షణంలో ఆ బిడ్డ కళ్లకు ఎత్తుకుపోయే మనిషి ఎవరు? ముఠావాడు కాదు, వాడి ముఖం బిడ్డకు గుర్తుండదు. ఈమే.

మరి ఆమె చేసింది న్యాయమేనా?

న్యాయమే అంటాను. అనేముందు గొంతులో అడ్డుపడేది ఏమిటో కూడా చూసుకోవాలి. ప్రేమ ఉంది కదా, బిడ్డ సుఖంగా ఉంది కదా, వదిలెయ్యొచ్చు కదా అనే మాట మనసున్న ప్రతివాడికీ వస్తుంది. ఆ మాట ఒప్పుకుంటే ముఠాకు మనం రసీదు రాసిచ్చినట్టే. ఈ వ్యాపారంలో పెట్టుబడి క్రూరత్వం కాదు, వాత్సల్యం. కొనేవాళ్లలో ప్రేమ ఎంత ఎక్కువైతే ధర అంత పైకి పోతుంది. అయిదున్నర లక్షలు పోసి బిడ్డను తెచ్చుకున్న తల్లి ఆ బిడ్డకు అన్నం ముద్ద ఎంత ప్రేమగా పెట్టినా, ఎక్కడో ఇంకో బస్తీలో ఇంకో గర్భిణిని దళారీ పలకరించేది ఆ డబ్బును చూసుకునే. ఇది ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని ఆమె అనుకోలేదు కూడా. నా దృష్టిలో ఆ రెండోది మొదటిదాని కంటే బరువైన సంగతి.

అయినా ఆమెను తిట్టడానికి నోరు రాదు. దేశంలో దత్తతకు పేరు రాయించుకుని ఎదురుచూస్తున్న దంపతులు 35,000 మందికి పైనే. 2024–25లో జరిగిన చట్టబద్ధమైన దత్తతలు 4,515, అదీ పన్నెండేళ్లలో ఎన్నడూ లేనంత ఎక్కువ. వరసలో నిలబడినవాళ్లకు మూడేళ్లకు పైగా పడుతోంది. వీళ్లలో చాలామంది నలభై ఏళ్ల అంచున ఉన్నవాళ్లు, వాళ్లకు మూడేళ్లంటే ఎంత పొడుగో చెప్పక్కర్లేదు. ఆ మూడేళ్లలో ఎవరో ఒకరు ‘నాకు తెలిసిన నర్సమ్మ ఉంది’ అంటారు.

ఇక్కడ ఇంకో కేసును దీని పక్కన పెట్టి చూడాలి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం గుట్టు రట్టయింది. రాజస్థాన్‌కు చెందిన దంపతులకు సరోగసీ ద్వారా మీ బిడ్డేనని నమ్మించి దాదాపు రూ.35 లక్షలు తీసుకున్నారు. ఆ బిడ్డ వాళ్ల రక్తం కాదని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. దర్యాప్తు నడిపించిన ఉత్తర మండలం డీసీపీ రశ్మి పెరుమాళ్ వెల్లడించిన వివరాల ప్రకారం ఆ మగబిడ్డ అస్సాం నుంచి వచ్చిన పేద దంపతుల బిడ్డ. వాళ్లకు ముట్టింది రూ.90,000. కన్నతల్లిని విమానంలో విశాఖపట్నం తీసుకెళ్లి అక్కడ కాన్పు చేయించారు. కన్నవాళ్లనూ పోలీసులు అరెస్టు చేశారు. బిడ్డను శిశువిహార్‌కు పంపారు.

మేడిపల్లిలో ‘మా రక్తం కాకపోయినా మా బిడ్డే’ అని ఏడ్చారు. సికింద్రాబాద్‌లో ‘మా రక్తం కాదు’ అని పోలీసు స్టేషన్ మెట్లెక్కారు. రెండోవాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్లు నిలువునా మోసపోయారు, వాళ్లు ఫిర్యాదు చేయకపోతే ఆ వ్యాపారం ఇంకెన్నాళ్లు సాగేదో. కానీ రెండు ఇళ్లలోనూ ఉయ్యాలలో పడుకున్న బిడ్డకు మాత్రం ఈ తేడా ఏం తెలుస్తుంది? ఒకచోట ప్రేమ చేతుల్లోంచి, ఒకచోట అనుమానం చేతుల్లోంచి జారి ఇద్దరూ చేరింది ఒకే ఉయ్యాలల వరసకు.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. ఐతరేయ బ్రాహ్మణంలో హరిశ్చంద్రుడి కథ ఉంది. మనం నాటకంలో చూసే కథ కాదు, దానికంటే చాలా పాతది. కొడుకు కోసం అలమటించిన రాజు, పుడితే నీకే బలి ఇస్తానని వరుణుడికి మాట ఇస్తాడు. పుట్టాక ఇవ్వలేకపోతాడు. ఆ కొడుకు రోహితుడు తనకు బదులుగా ఒక పిల్లవాణ్ని కొనుక్కొస్తాడు. ఆకలితో ఉన్న అజీగర్తుడనే పేద బ్రాహ్మణుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ని తండ్రి ఇవ్వనన్నాడు, చిన్నవాణ్ని తల్లి ఇవ్వనంది. నడిమివాడు శునశ్శేపుడు నూరు ఆవులకు అమ్ముడుపోయాడు. వాణ్ని యూపస్తంభానికి కట్టడానికి ఎవరూ రాకపోతే ఇంకో నూరు తీసుకుని తండ్రే కట్టాడు. నరకడానికి ఇంకో నూరు తీసుకుని కత్తి నూరుకుంటూ వచ్చాడు.

సంతానం కోసం తపన, ఆకలి, బేరం, విడతలవారీ చెల్లింపు. ఒక్క ఆర్‌ఎంపీ క్లినిక్ తప్ప అన్నీ ఉన్నాయి. తర్వాతి ధర్మశాస్త్రాల్లో కొన్ని దీన్ని చూసి ఉలిక్కిపడలేదు కూడా. పన్నెండు రకాల కొడుకుల్లో కొన్న కొడుకు ఒకడని మనువు లెక్కవేశాడు. బిడ్డను ఇవ్వడానికీ అమ్మడానికీ విడిచిపెట్టడానికీ కన్నవాళ్లకు అధికారం ఉందని వసిష్ఠ ధర్మసూత్రం చెప్పింది. ఇక మన నాటకంలో హరిశ్చంద్రుడు కొనేవాడు కాదు, అమ్మేవాడు. కాశీలో ఆలినీ లోహితుణ్నీ కాలకౌశికుడికి అమ్మి రుణం తీరుస్తాడు. తెల్లవార్లూ కూర్చుని కాటిసీను పద్యాలకు ‘వన్స్‌మోర్’ కొట్టిన జాతి మనది. ఆయన సత్యానికి కన్నీళ్లు పెట్టుకున్నాం. ఆ సత్యానికి ఖరీదుగా చెల్లించిన పిల్లవాణ్ని నీకు సమ్మతమేనా అని మాత్రం ఎవరం అడగలేదు.

బిడ్డ ఎవరి సొత్తూ కాదు అనే ఆలోచన మనకు చాలా కొత్తది. ఇప్పటి బాల న్యాయ చట్టం 2015లో వచ్చింది. దాని 81వ సెక్షన్ ప్రకారం బిడ్డను అమ్మినా కొన్నా అయిదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. ఆస్పత్రివాళ్లే ఆ పని చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. వేల ఏళ్ల అలవాటుకు ఎదురుగా పదేళ్ల వయసున్న చట్టాన్ని నిలబెట్టి, దాన్ని మోయమని ఒక మహిళా పోలీసు చేతికిచ్చాం. ఆమె మోస్తుంటే పత్రికలవాళ్లం ‘తల్లి మనసు’ అని శీర్షిక పెడతాం. ఆ శీర్షిక నాకు మింగుడుపడదు. మగ అధికారి కేసు ఛేదిస్తే చాకచక్యం, ఆడ అధికారి ఛేదిస్తే మాతృత్వమా?

సీమా ఢాకా సంగతే చూడండి. ఢిల్లీలోని సమయ్‌పూర్ బాద్లీ స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా 2020లో రెండున్నర నెలల్లో తప్పిపోయిన 76 మంది పిల్లల ఆచూకీ తీసింది. అందులో 56 మంది పద్నాలుగేళ్ల లోపువాళ్లు. ఒక పిల్లవాడి కోసం వరదల్లో పడవలెక్కి బెంగాల్‌లో రెండు నదులు దాటి వెళ్లింది. ఫిర్యాదు చేసిన తల్లి ఆ తర్వాత ఇల్లూ మారింది, ఫోన్ నంబరూ మారింది, కేసు రెండేళ్ల పాతది. ఇదంతా చేయించింది తల్లి మనసే అయితే ఆ రెండేళ్లూ ఆ తల్లి దగ్గర లేనిది ఏమిటి? పాత ఎఫ్‌ఐఆర్లు తిరగేసే ఓపిక, ఫోన్ చేసి, మళ్లీ చేసి, వేరే రాష్ట్రం స్టేషన్‌తో మాట్లాడే హోదా. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను 50 మందికి పైగా వెతికి పట్టుకుంటే వరస తప్పించి ప్రమోషన్ ఇస్తామని ఢిల్లీ పోలీసు శాఖ ఆ ఏడాదే ప్రకటించింది. అలా ఏఎస్‌ఐ అయిన మొదటి మనిషి ఆమే. పిల్లల్ని లెక్కపెట్టి ప్రమోషన్ ఇవ్వడమేమిటని ముక్కు విరిచేవాళ్లు ఉంటారు. నేనైతే విరవను. మన దేశంలో పిల్లవాడు కనబడలేదంటే ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అంతకు ముందు సంగతి ఊహించుకోండి.

న్యాయస్థానాలకు కూడా ఈ ముడి విప్పడం సులభం కాలేదు. 2025 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ శిశు విక్రయాల కేసులో సుప్రీంకోర్టు నిందితుల బెయిళ్లు రద్దు చేసింది, ఆరు నెలల్లో విచారణ ముగించమంది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ మాయమైతే ముందు ఆ ఆస్పత్రి లైసెన్సు ఆపమంది. కొడుకు కావాలని దొంగిలించిన బిడ్డను కొన్నవాడి మీద జాలి చూపలేదు. అదే కోర్టులో ఇంకో ధర్మాసనం ఆగస్టులో మన తెలంగాణ మేడిపల్లి కేసు విన్నది. హైకోర్టులో ఏక సభ్య ధర్మాసనం పిల్లల్ని తిరిగి ఇచ్చేయమంటే, ఇద్దరు సభ్యుల ధర్మాసనం వద్దంది. సుప్రీంకోర్టు నలుగురు పిల్లలను పెంచినవాళ్లకే అప్పగించమంది, వాళ్ల బాగోగుల మీద ఎప్పటికప్పుడు నివేదికలు రావాలంది. ఈ రెండు తీర్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు కనిపిస్తాయి. నాకలా అనిపించదు. మొదటిదానిలో బిడ్డను పోగొట్టుకున్న తల్లులు ఉన్నారు. రెండోదానిలో కన్నవాళ్లే అమ్ముకున్న పిల్లలున్నారు. మొదటి తీర్పు బజారును చూసింది, రెండోది బిడ్డను చూసింది. ఏడాదికి పైగా శిశువిహార్‌లో గడిపిన ఆ నలుగురు మాత్రం రెండుసార్లు ఇల్లు మారారు.

అయితే ఆ రోజు కానిస్టేబుల్ విడదీసిన వేళ్లు వృథాయేనా? కోర్టు తిరిగి ఇచ్చింది కాబట్టి ఆమె పొరపాటు చేసిందని కొందరు వాదించవచ్చు. ఐతరేయ బ్రాహ్మణం కథ చివరికి వెళ్తే నాకు సమాధానం దొరికింది. శునశ్శేపుడు దేవతలను ప్రార్థించాడు, కట్లు వాటంతటవే ఊడిపోయాయి. అజీగర్తుడు వచ్చి ‘నా కొడుకును నాకివ్వండి’ అన్నాడు. కుర్రాడు వెళ్లనన్నాడు. కత్తి పట్టుకుని వచ్చింది నువ్వే కదా అన్నాడు. విశ్వామిత్రుడు పిలిస్తే ఆయన కొడుకుగా వెళ్లాడు. అంత పాత కథలో, బిడ్డ నోరు విప్పి తన తండ్రిని తాను ఎంచుకున్న ఆ ఒక్క చోటు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. అతను కాదనగలిగాడు, ఎందుకంటే అతనికి తెలుసు. తనను ఎవరు అమ్మారో, ఎవరు కొన్నారో, ఎంతకో, అన్నీ కళ్లారా చూశాడు.

ఈ పిల్లలకు ఏం తెలుసు? 1999లో, మళ్లీ 2001లో నల్లగొండ తండాల లంబాడా ఆడపిల్లలను కొని విదేశీ దత్తతకు పంపుతున్న బాగోతం బయటపడింది. అప్పుడు వెళ్లిన పిల్లలు ఇప్పుడు పాతికేళ్లు దాటినవాళ్లు. ఎక్కడో ఐరోపాలోనో అమెరికాలోనో తమ ఫైలు తెరిస్తే అందులో తల్లి పేరు ఉందో లేదో, ఉంటే నిజమైందో కాదో. చట్టప్రకారం దత్తత పోయిన బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు వెతుక్కునే హక్కు దత్తత నిబంధనల్లోనే ఉంది. బజారులో కొన్న బిడ్డకు అలాంటి ఫైలే ఉండదు. వాడి పుట్టుక గురించి ఈ లోకంలో మిగిలే ఒకే ఒక్క రాత పోలీసు కేసు డైరీ. ఏ తేదీన ఏ ఫోన్ నుంచి ఎవరికి కాల్ వెళ్లింది, ఏ రైల్లో తెచ్చారు, ఢిల్లీలో ఎవరు అందించారు, అంతకు ముందు ఎవరి ఒళ్లో ఉన్నాడు. ఇక్కడ అమ్మినవాణ్ని పట్టుకుని ఆగిపోయే దర్యాప్తు కేసు గెలుస్తుంది. వెనక్కి, ఇంకా వెనక్కి, ఆ మొదటి ఒడి దాకా వెళ్లే దర్యాప్తు ఆ బిడ్డకు ఒక కథ ఇస్తుంది. మొండి పోలీసు అధికారిణి అవసరం అక్కడ ఉంది. ఆ దారిలో కెమెరాలు ఉండవు, కన్నీళ్లూ ఉండవు. ట్రాన్సిట్ వారెంట్లు, భాష రాని ఊళ్లో లాడ్జి గది, ‘ఇంకెందుకు మేడం, చార్జిషీటు వేసేయొచ్చు కదా’ అనే పైఅధికారి ఉంటారు.

మేడిపల్లి పిల్లలు 2042 నాటికి పద్దెనిమిది దాటుతారు. అప్పుడు ఆ ఇళ్లలో ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, నేను ఎక్కడి నుంచి వచ్చానని అడుగుతారు. పెంచినవాళ్లు ఏం చెబుతారో వాళ్లిష్టం. స్టేషన్ రికార్డు గదిలో అడిగితే ఏం దొరుకుతుందన్నది మాత్రం ఇవాళ ఆ దర్యాప్తు చేస్తున్న మనిషి చేతిలో ఉంది.