ఆసుపత్రి మాటకు ప్రామాణ్యం ఎక్కడిది?

వైద్యం తెలియని మనిషి వైద్యుడు మంచివాడో కాదో ఎలా తేల్చుకోగలడు? ప్లేటో రాసిన ‘ఖార్మిడీస్’ సంభాషణలో సోక్రటీసు ఈ ప్రశ్న ఎత్తి, అసలు వైద్యుణ్ణి వేషధారి నుంచి వేరుచేయగలిగేది మరో వైద్యుడేనన్న చోటికి చర్చను తెస్తాడు. అదే నిజమైతే రోగికి మిగిలేది గుడ్డినమ్మకం, కాకుంటే గుడ్డి అనుమానం. భారతీయ తర్కం ఇక్కడ ఇంకో దారి పట్టింది. గౌతముడి న్యాయసూత్రాలు వేదప్రామాణ్యాన్ని నిలబెట్టడానికి తీసుకున్న దృష్టాంతాల్లో ఆయుర్వేదం ఒకటి. మందు పనిచేయడం లోకానికి తెలుసు, కాబట్టి దాన్ని చెప్పినవాడు ఆప్తుడు, అంటే నమ్మదగిన మాట చెప్పేవాడు. వేదం కూడా అలాంటి ఆప్తుల మాటేనన్నది అక్కడి వాదం. శ్రుతిని నమ్మవచ్చునా అన్న ప్రశ్న వైద్యుణ్ణి నమ్మవచ్చునా అన్న ప్రశ్న మీద ఆనుకుని నిలిచిందన్నమాట.

ఈ రెండో ప్రశ్న పుప్పాలగూడలో ఇవాళ ఇంటింటి ప్రశ్న. గండిపేట మండలంలో, మణికొండకూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కూ నడుమ ఉన్న ఈ ఊళ్లో ఇప్పుడు ఎక్కడ చూసినా అపార్టుమెంటు టవర్లే. గచ్చిబౌలి, నానక్‌రాంగూడల కార్పొరేట్ ఆసుపత్రులు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఉద్యోగాల కోసం వేరే జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబానికి తాతల నాటి నుంచి తెలిసిన డాక్టరు ఉండడు. ఉన్నవి ఫోన్లో కనిపించే రేటింగు, ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చిన క్యాష్‌లెస్ జాబితా, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పొరుగువారి మాట. అర్ధరాత్రి ఛాతీ నొప్పి వస్తే వీటిని విచారించే వ్యవధి ఉండదు, దగ్గరి ఎమర్జెన్సీకి వెళ్లడమే సరైన పని. కాన్పు, మోకాలి మార్పిడి, ముందుగా నిర్ణయించుకునే బైపాస్ లాంటి వాటికి మాత్రం విచారణకు సమయం ఉంటుంది.

ప్రత్యక్షంగా కనిపించేది ఎంతవరకు ప్రమాణం? పాలరాతి లాబీ వైద్యం గురించి ఏమీ చెప్పదు. అయినా చూడదగినవి లేకపోలేదు. చరకసంహిత చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగు చొప్పున 16 గుణాలు. అందులో శుచి వైద్యుడికీ పరిచారకుడికీ ఇద్దరికీ చెప్పిన గుణం. డాక్టరు రోగిని తాకేముందు చేతులు శుభ్రం చేసుకున్నాడా, నర్సు ఇంజెక్షన్ ఇచ్చేముందు చేతి పట్టీ మీద పేరు సరిచూసిందా, ఆపరేషన్ ఏ కాలికో ముందే గుర్తు పెట్టారా అన్నవి ఎంబీబీఎస్ చదవని కంటికీ అందుతాయి. ఇవి చిన్న విషయాలు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల శస్త్రచికిత్స చెక్‌లిస్టును ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో అమలు చేసి చూస్తే, ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. సుప్రీంకోర్టు కూడా సామాన్యుడి వివేకానికి చోటిచ్చింది. చలిజ్వరంతో చేరిన మహిళకు మలేరియా వైద్యం కాక టైఫాయిడ్ వైద్యం చేశారన్న హైదరాబాదు కేసులో, ప్రతి ఫిర్యాదుకూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదనీ, నిర్లక్ష్యం తేటగా కనిపించేచోట వినియోగదారుల ఫోరమే తేల్చవచ్చుననీ 2010లో తీర్పు చెప్పింది.

ఫలితాన్ని బట్టి తూచడం ఇంతకన్నా కష్టం. ఈ కష్టాన్ని చరకసంహిత సూత్రస్థానంలోనే మైత్రేయుడు ఆత్రేయుడి ముందు పెడతాడు. అన్ని హంగులూ ఉన్న రోగుల్లో కొందరు బతుకుతున్నారు, కొందరు పోతున్నారు. ఏ వైద్యమూ అందనివారిలోనూ అంతే. అలాంటప్పుడు వైద్యం చేసినా చేయకపోయినా ఒకటే కదా అంటాడు. ఆత్రేయుడి సమాధానంలో పదును ఉంది. వైద్యం లేకుండా కోలుకునేవాడు కూడా వైద్యంతో త్వరగా, తేలికగా లేస్తాడు. వైద్యంతో మాత్రమే సాధ్యమైన రోగాలు అది లేనిదే నయం కావు. ముందు సాధ్యాన్నీ అసాధ్యాన్నీ వేరుచేసి చూడాలి. నేటి ఆసుపత్రి గణాంకాలకు కావలసిన మొదటి దిద్దుబాటు ఇదే. మరణాల శాతాన్ని రోగుల స్థితితో కలిపి చూడకపోతే ఆ అంకెకు అర్థం లేదు. న్యూయార్క్ రాష్ట్రం గుండె ఆపరేషన్ల మరణాలను రోగి తీవ్రతను లెక్కగట్టి 1990 నుంచి ప్రకటించింది. అయినా సర్జన్లు బరువైన కేసులకు వెనకాడతారన్న ఆందోళన తప్పలేదు. హైదరాబాదులో డబ్బయిపోయిన దశలో, చేయి దాటాక ఉస్మానియా, గాంధీ ప్రభుత్వ ఆసుపత్రులకు చేరే రోగులు ఎందరో. వారిని చేర్చుకున్న ఆసుపత్రిని మరణాల లెక్కతో తక్కువ చేయడం అన్యాయం. కష్టమైన రోగిని గుమ్మంలోనే తిప్పి పంపి మంచి అంకెలు చూపడం అధర్మం.

తర్కంలో అనుమానం అంటే హేతువును బట్టి తేల్చుకోవడం. అది కూడా దారి తప్పగలదు. దానికి హైదరాబాదే సాక్షి. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ తన చేతి మీదుగా జరిగిన వేల ఆపరేషన్లను చూసి, శ్వాసను గమనిస్తే చాలు, మత్తుమందు క్లోరోఫామ్ ప్రమాదం కాదని గట్టిగా నమ్మాడు. 1888లో మొదటి క్లోరోఫామ్ కమిషన్ ఆయన మాటే బలపరిచింది. లండన్ పత్రిక ‘లాన్సెట్’ సందేహిస్తే, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించి 1889లో వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను ఇంగ్లండు నుంచి రప్పించాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది శ్వాసే, గుండె కాదని రెండో కమిషన్ కూడా చెప్పింది. 1911లో గుడ్‌మన్ లెవీ తక్కువ మోతాదు మత్తులోనూ గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని చూపించాడు. తర్కశాస్త్రం వ్యభిచారం అనే దోషం ఇది: హేతువు (శ్వాసను గమనించడం) ఉన్నా సాధ్యం (ప్రమాదం లేకపోవడం) లేని చోటు ఒకటి మిగిలిపోయింది. లారీ నిజాయితీలో లోటు లేదు, అనుభవంలోనూ లోటు లేదు. ‘మేము వేల ఆపరేషన్లు చేశాం’ అన్న మాట ఈనాటికీ ఎంతవరకు ప్రమాణమో ఇక్కడ తెలుస్తుంది. ఆ కమిషన్ గొప్పతనం వేరేచోట ఉంది. ప్రయోగాల వివరాలన్నీ అచ్చయ్యాయి కాబట్టే ఇతరులు వాటిని తరచి చూడగలిగారు.

అందుకే మిగతా ప్రమాణాలన్నీ చివరికి ఆప్తత్వం దగ్గరికే వస్తాయి. ‘తర్కసంగ్రహం’ రాసిన తెలుగు పండితుడు అన్నంభట్టు ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణే ఆప్తుడన్నాడు. అంతకు చాలా ముందే వాత్స్యాయనుడు ఆప్తుడికి మూడు లక్షణాలు పెట్టాడు: విషయాన్ని తాను సాక్షాత్తుగా ఎరిగి ఉండడం, ప్రాణుల పట్ల దయ, తెలిసినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక. ఆసుపత్రి విషయంలో మూడోదే గట్టి పరీక్ష, ఎందుకంటే చదువూ మృదువైన మాటా ఉన్నచోట కూడా అది కరవు కావచ్చు. పేరున్నవారి నీడలో ఆ గుణాలు లేకుండానే చలామణి అయ్యే వైద్యుల్ని చరకసంహిత ప్రత్యేకంగా ఒక తరగతిగా చెప్పింది. బ్రాండు పేరు ముందు ఈ హెచ్చరిక గుర్తుంచుకోదగినది. భారత క్వాలిటీ కౌన్సిల్ కింద ఆసుపత్రులకు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు పద్ధతులూ ఏర్పాట్లూ ఉన్నాయని చెబుతుంది. అది అవసరమే, కానీ ఫలానా రోజు ఫలానా మంచం దగ్గర ఏం జరిగిందో చెప్పదు.

అది చెప్పవలసింది ఆసుపత్రే. ఈ ఆపరేషన్ ఇక్కడ ఏడాదికి ఎన్ని జరుగుతాయి, ఇన్‌ఫెక్షన్లు ఎన్ని, చేయకుండా ఆగితే ఏమవుతుంది, నిజంగా కత్తి పట్టేది ఎవరు అని రోగి బంధువులు అడిగితే సూటిగా జవాబిచ్చే ఆసుపత్రి ఆప్తత్వానికి దగ్గర. మందు మారిపోతే కప్పిపుచ్చక ఇంటివారికి చెప్పేది ఇంకా దగ్గర. మందలించి పంపేది దూరం. డాక్టర్ల నైతిక నియమావళిగా 2002లో వచ్చిన నిబంధనలు, రోగి గానీ అతని తరఫువారు గానీ అడిగితే 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని స్పష్టంగా చెబుతున్నాయి. ఆ కాగితాలు చేతికొస్తే మరో డాక్టరుకు చూపించవచ్చు, కుదురుగా రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.