చివరి మాట ఎవరిది?

పోయిన వేసవిలో, ఖానాపురం హవేలిలో మా ఇంట్లో కూర్చుని సీఎస్ఎస్ నేర్చుకున్నాను. మొదటి పేజీ అమ్మ కోసం. ఆమె నోటుబుక్కులో రాసిపెట్టుకున్న జ్ఞాపకాలు టైపు చేసి, లేత బూడిద రంగు అక్షరాలు, 14 పిక్సెళ్ల సైజు, వరసల మధ్య బిగుతైన ఎడం పెట్టాను. నా కంటికి ఎంతో పొందిగ్గా ఉంది.

అమ్మ ఫోను దూరంగా పట్టుకుని చూసింది. "మంచిగనే ఉంది గానీ, కళ్ళకు ఆనట్లేదురా."

నాకు కోపమొచ్చింది. తర్వాత పరీక్షగా చూస్తే, "రాష్ట్రం" కింది ఒత్తులు కింది వరసలోని గుడిదీర్ఘాలకు తగులుతున్నాయి. లైన్ హైట్ ఓ ఇంగ్లిషు పేజీ నుంచి ఎత్తుకొచ్చింది మరి.

మాటలు ఆమెవి, చదివే కళ్ళూ ఆమెవే. మధ్యలో నా అభిరుచికి ఉన్న హక్కెంత?

ఈ ప్రశ్న సీఎస్ఎస్ పుట్టుకలోనే ఉంది. 1994 అక్టోబరులో హోకన్ వియుమ్ లీ చేసిన తొలి ప్రతిపాదనలో, పేజీ రూపం మీద రాసినవాళ్ళకెంత, చదివేవాళ్ళకెంత అన్నది శాతాల్లో పంచుకోవచ్చు. 1996లో మొదటి ప్రమాణం వచ్చేసరికి శాతాలు పోయాయి. ఒకే నియమానికి ఇద్దరూ "ఇది ముఖ్యం" అని గుర్తు పెడితే, రాసినవాళ్ళ మాటే నెగ్గేది. 1998లో రెండో ప్రమాణం దాన్ని తిరగేసింది: చదివేవాళ్ళు "ముఖ్యం" అంటే ఇక వాళ్ళదే చివరి మాట. చూపు సరిగా లేనివాళ్ళని తలచుకుని చేసిన మార్పది.

అయితే హక్కు ఉండటం వేరు, అది చేతికందటం వేరు. ఇవాళ్టి చాలా బ్రౌజర్లలో సొంత స్టైల్ షీట్ పెట్టుకునే వీలు సెట్టింగుల్లో ఎక్కడా కనబడదు. అమ్మకి అలాంటిదొకటి ఉందనే తెలీదు. అడగలేని వాళ్ళ తరఫున ముందే ఆలోచించటం, అప్పుడు, రాసేవాడి మీదే పడుతుంది. అది నేను చేసే దయ కాదు, ఆమెకు రావలసిన బాకీ.

అలాగని అందం వదిలేయమని కాదు. ఎవరి కళ్ళని ఊహించుకుని అందం అంటున్నాం అన్నదే పేచీ. నేను ఊహించుకున్నది నా కళ్ళనే.

పిక్సెళ్లు తీసేసి రెమ్‌లు పెట్టాను. అమ్మ తన ఫోను బ్రౌజర్లో అక్షరాలు పెద్దవి చేసుకుంటే, పేజీ కూడా ఆ మాట వింటుంది. లైన్ హైట్ 1.8 చేశాను. బూడిద రంగు నలుపైంది.

అమ్మ రెండు పేజీలు గుక్కతిప్పుకోకుండా చదివి, నా టైపింగులో మూడు తప్పులు పట్టుకుంది.